గేటు దగ్గర వాము వాసన

ఆ శనివారం పొద్దున్న ఎనిమిదీ ఐదుకి సత్యవేణి కూతురి నోట్లో చిటికెడు వాము వేసింది.

"నమలవే. మింగెయ్యకు. గేటు దాకా బుగ్గనే ఉండాలి."

చైత్రిక మొహం చిట్లించింది. "మండుతోందమ్మా."

"నిన్ను ఇంటికి పంపేస్తే అంతకన్నా ఎక్కువ మండుద్ది నాకు. నడు."

పిల్లకి ఏడేళ్లు. రెండో తరగతి. మూడు రోజుల నుంచి జలుబు. ముక్కు కారడం, కాస్త దగ్గు, అంతే. మరో బళ్లో అయితే ఎవరూ పట్టించుకోని జలుబు. కానీ కొత్తకాలవ ప్రాథమిక పాఠశాల గేటుకి ఊదుడు పెట్టె ఉంది.

దాని అసలు పేరు వేరే ఏదో ఉంది. పిల్లలు పెట్టిన పేరే నిలిచింది. గేటు స్తంభానికి గరాటు లాంటి మూతి. పిల్ల వచ్చి దాంట్లోకి ఒక్క ఊపిరి ఊదాలి. పచ్చ దీపం వెలిగితే లోపలికి, ఎర్ర దీపం వెలిగితే ఇంటికి. జ్వరం ఒంట్లోకి రాకముందే ఊపిరిలో దాని వాసన పుడుతుందట. మనిషి ముక్కుకి అందని ఆ వాసన పెట్టెకి అందుతుంది. సిరప్ వేసి ఒళ్లు చల్లబరిచి పంపినా పెట్టె పట్టేస్తుంది.

రెండేళ్ల కిందట డెల్టాలో బిగువు జ్వరం అని కొత్త జబ్బొకటి వచ్చింది. మొదటి రెండు రోజులూ మామూలు జలుబే. మూడో రోజు గొంతు లోపల వాచి ఊపిరి బిగుసుకుపోతుంది. పక్క మండలంలో తొమ్మిదిమంది పిల్లలు పోయాక డాక్టర్ హిమజ అనే ఆవిడ ఈ పెట్టె తయారుచేసింది. నలభై బళ్లలో పరీక్షకి పెట్టారు. అందులో కొత్తకాలవ ఒకటి. బడి మంచిది. సీటు లాటరీలో రావాలి. చైత్రిక పేరు వచ్చిన రోజున సత్యవేణి వీధంతా బెల్లం పంచింది.

సీటుతో పాటు ఆకుపచ్చ అట్ట పుస్తకం ఒకటి ఇచ్చారు. 'కుటుంబాలు పాటించవలసిన నియమాలు'. పద్నాలుగు పేజీలు, ప్రతి పేజీ మీదా సంతకం. ఏడో నియమం: ఎర్ర దీపం వెలిగితే మూడు రోజులు ఇంటి దగ్గరే. తొమ్మిదో నియమం: పెట్టెని మోసం చేసిన కుటుంబపు పిల్ల పేరు కొట్టేస్తారు.

ఏడో నియమం రాసినవాళ్లకి రొయ్యల షెడ్డు సంగతి తెలియదు. షెడ్డులో నెలకి మూడు నాగాలు పడితే మనిషిని తీసేస్తారు. సత్యవేణి భర్త వీర్రాజు చేపల లోడు లారీ మీద గౌహతి వెళ్తే పన్నెండు రోజులకి గానీ తిరిగి రాడు. మూడు రోజులు పిల్ల దగ్గర ఎవరుండాలి?

వాము సంగతి అనుకోకుండా తెలిసింది. నెల కిందట చైత్రికకి కడుపునొప్పి వస్తే వాము నమిలించి పంపింది. ఆరోజు పిల్లకి జలుబు కూడా ఉంది. ఎర్ర దీపం ఖాయం అనుకుంటూ నిలబడితే పచ్చ వెలిగింది! మర్నాడు మళ్లీ చూసింది. మళ్లీ పచ్చే. ఆ సాయంత్రమే తల్లుల ఫోను గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టింది. "మామూలు జలుబులకి ఊరికే ఇంటికి తోలేస్తున్నారు కదా. చిటికెడు వాము. అంతే. మాష్టర్లకి చెప్పకండి."

గేటు దగ్గర ఆయా వెంకాయమ్మ గరాటు మూతి తుడుస్తూ ముక్కు ఎగబీల్చింది. "ఏంటర్రా, ఊరంతా జంతికలు వండుకుంటున్నారా? ప్రతి పిల్ల దగ్గరా వాము వాసనే."

"అరుగుదలకి పిన్నీ," అంది సత్యవేణి.

"ఏడేళ్ల పిల్లలకి అరుగుదలేంటే? రాళ్లు తిన్నా అరిగిపోయే వయసు."

చైత్రిక ఊదింది. పచ్చ దీపం. సత్యవేణి పరుగున ఆటో ఎక్కేసింది.

* * *

షెడ్డులో ఫోన్లు సూపర్వైజరు దగ్గర పెట్టాలి. పదీ నలభైకి అతను స్వయంగా నడిచొచ్చాడు. అతను నడిచి రావడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. సత్యవేణి చేతిలోని రొయ్య ఐసు గుట్ట మీద పడిపోయింది.

"మీ పిల్ల బళ్లో పడిపోయిందట. పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు."

అతని చేతిలోంచి తన ఫోను అందుకుని, తొడుగులు విప్పకుండానే పరిగెత్తింది. ఆటోవాడు అద్దంలోంచి ఆమె మొహం చూసి వేగం పెంచాడు.

ఆసుపత్రిలో హెడ్మాస్టర్ ఎలిజబెత్ రాణి గారు వరండాలో నిలబడి ఉన్నారు. చీర కొంగంతా తడి. పిల్లని తనే ఎత్తుకొచ్చారట. సత్యవేణి చేతులు పట్టుకుని, "ఊపిరి ఆడుతోంది. మందు వేశారు. ముందు అది విను," అన్నారు.

డాక్టరు బయటికొచ్చి తక్కిన మాట చెప్పాడు. బిగువు జ్వరం. మూడో రోజు. గొంతులోకి గొట్టం వేశారు. "మూడో రోజు పొద్దు గూకేలోపు మందు పడితే బతుకుతారు. మీ అమ్మాయికి పడింది. నాలుగింటి దాకా లోపలికి ఎవర్నీ పంపించం."

సత్యవేణి గోడకి ఆనుకుని నేల మీద కూర్చుంది. బతుకుతుంది. ఆ ఒక్క మాటా పట్టుకుని ఊగింది కాసేపు. ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక డాక్టరు వెళ్లిపోయిన తలుపుకి పెట్టింది.

అప్పుడు వచ్చింది హిమజ. నలభై ఏళ్లుంటాయి. మాసిన కుర్తా, భుజాన లాప్‌టాప్ సంచి. మెట్లెక్కి వచ్చిన ఆయాసంలోనే అడిగింది. "గేటు ఏం చూపించింది?"

"పచ్చ. ఇవాళా, నిన్నా, మొన్నా," అన్నారు రాణి గారు.

"కుదరదు. బిగువు జ్వరం మొదటి రోజునే పట్టాలి. దాని కోసమే కదా చేసింది." హిమజ సత్యవేణి పక్కన నేల మీదే కూర్చుంది. గొంతు తగ్గించింది. "అమ్మా, పొద్దున్న పాపకి ఏమైనా ఇచ్చారా? మందు గానీ, నాటు వైద్యం గానీ?"

తొమ్మిదో నియమం కింద తను పెట్టిన సంతకం సత్యవేణి కళ్లముందు మెదిలింది.

"లేదండి. ఏం ఇవ్వలేదండి."

హిమజ తల ఊపింది. ఆ తల ఊపడంలో అనుమానం లేదు. అదే గుచ్చుకుంది.

"ఒకే గదిలో ఉన్న పిల్లలకి ఇది ఒకేసారి అంటుకుంటుంది," అంది హిమజ రాణి గారితో. "ఈ పాపకి మూడో రోజంటే ఇంకెవరికున్నా ఇవాళే మూడో రోజు. సాయంత్రం లోపు కనిపెట్టాలి."

"తరగతి మొత్తానికి వేయించేద్దామండీ మందు."

"జబ్బు లేని పిల్లకి వేస్తే ఆ మందే కాలేయాన్ని తినేస్తుంది. రక్త పరీక్ష ఫలితానికి రెండు రోజులు. పెట్టె ఒక్కటే దారి. ఆ పెట్టే ఇప్పుడు..." హిమజ ఫోను తీసి కిటికీ దగ్గరికి నడిచింది.

ఆమె మాట్లాడేదంతా సత్యవేణికి వినబడుతూనే ఉంది. "సార్, నలభై బళ్లలోనూ ఆపించేయండి. నా పెట్టె పనికిరాదు. అవును సార్, తప్పు నాదే. ఇంకెంతమంది పిల్లలకుందో నేను చెప్పలేను సార్."

గోడ గడియారం పన్నెండూ ఇరవై చూపిస్తోంది. శనివారం. ఒంటిపూట బడి. పన్నెండింటికే పిల్లలు ఇళ్లకి వెళ్లిపోయి ఉంటారు.

సత్యవేణి ఫోను మోగింది. అమూల్య నాయనమ్మ సరోజినమ్మ వాయిస్ మెసేజ్. అమూల్యది చైత్రిక పక్క సీటే. "ఏమ్మా సత్యవేణీ, మీ చైత్రిక పడిపోయిందంట, ఎలాగుంది? మా అమూల్య కూడా మూడ్రోజుల నుంచి ఒకటే దగ్గు. నీ వాము పుణ్యమా అని బడి మానకుండా వెళ్తోందనుకో. నువ్వు చల్లగా ఉండాలమ్మా."

ఆ దీవెన విని సత్యవేణి లేచి నిలబడింది.

* * *

"వాము," అంది.

హిమజ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని వెనక్కి తిరిగింది. "ఏంటమ్మా?"

"వాము పెట్టానండి. నోట్లో. మూడ్రోజులూ. వాము నమిలితే పెట్టె పచ్చే చూపిస్తది." ఆగితే మళ్లీ నోరు రాదని భయం. గబగబా చెప్పేసింది. "నేనొక్కదాన్నే కాదండి. గ్రూపులో అందరికీ చెప్పింది నేనే. ఎంతమంది పెడుతున్నారో కూడా తెలీదండి. ఇందాక అబద్ధం చెప్పాను. తొమ్మిదో రూలు నాకు తెలుసు మేడమ్ గారూ, మా పిల్ల పేరు కొట్టేయండి. ముందు ఆ పిల్లల్ని చూడండి."

రాణి గారు నోరు తెరిచారు. హిమజ చెయ్యి ఎత్తి ఆపింది. ఫోనులో, "సార్, ఆపించకండి. ఒక్క నాలుగు గంటలు," అని పెట్టేసింది. తర్వాత సత్యవేణిని చూసింది.

తిడుతుంది అనుకుంది సత్యవేణి. కొట్టినా పడదామనుకుంది.

"ఎంత వాము? చెంచాతోనా, వేళ్లతోనా? ఊదడానికి ఎంతసేపు ముందు?"

"వేళ్లతోనండి. పావుగంట ముందు."

"నాతో రండి. మీ నోరు కావాలి నాకు."

సత్యవేణి లోపలి తలుపు వైపు చూసింది. అక్కడున్న నర్సు అర్థం చేసుకుంది. "నాలుగింటి దాకా ఎలాగూ లోపలికి రానివ్వరమ్మా. కళ్లు తెరిస్తే నేను ఫోన్ చేస్తా. నా పిల్లలా చూసుకుంటాను, వెళ్లు."

ఆ నర్సు పేరు అడగాలని కూడా తోచలేదు.

* * *

పెట్టె తాలూకు కంప్యూటరు బళ్లో సైన్సు గదిలో ఉంది. ఒంటిగంటకి ముగ్గురూ అక్కడికి చేరేసరికి వెంకాయమ్మ గేటు మూస్తోంది. విషయం విని, "నేనన్లా? జంతికలంట జంతికలు," అని సత్యవేణి నెత్తిన ఒక్కటి మొట్టింది. తర్వాత తన ఇంటికెళ్లి డబ్బాడు వాము తెచ్చింది.

హిమజ పని చేస్తూనే చెప్పింది. పెట్టె ప్రతి పిల్ల ఊపిరినీ ఒక గీతగా దాచుకుంటుంది. ఇళ్లలో తిన్నవాటి వాసనలని, ఇడ్లీ, వెల్లుల్లి, ఆవకాయ లాంటివాటిని, 'ఇవి ఇంటి వాసనలు, జబ్బులు కావు' అని నేర్చుకుని పక్కన పెట్టేస్తుంది. వంటల్లో పడే వామునీ మొదట్లోనే అలాగే నేర్చుకుంది. ఖర్మకొద్దీ బిగువు జ్వరం గీత లేచే చోటే వాము గీత కూడా లేస్తుంది. వాముని పక్కన పెట్టేటప్పుడు జబ్బునీ కలిపి పక్కన పెట్టేసింది.

"అయితే చెరిగిపోలేదాండి?"

"చెరగలేదు. వాము కింద దాక్కుని ఉంది. మళ్లీ ఊదిద్దామంటే మూడో రోజు మధ్యాహ్నానికి గొంతు వాచి గీత సరిగా పడదు. మూడు రోజుల ఊపిళ్లూ ఇందులోనే ఉన్నాయి. ఒట్టి వాము గీత ఎలా ఉంటుందో తెలిస్తే దాన్ని తీసేసి కింద ఏముందో చూడొచ్చు. నమిలిన అయిదో నిమిషం ఒకలా ఉంటుంది, ఇరవయ్యో నిమిషం ఇంకోలా ఉంటుంది. అన్నీ కావాలి. నమలండి."

సత్యవేణి నమిలింది. అయిదు నిమిషాలకి ఊదింది. పదికి ఊదింది. పదిహేనుకి ఊదింది. నోరు కడుక్కుని మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ఎక్కువ వేసుకుంది. ఒక్క మనిషి ఊపిరి చాలదని హిమజ నమిలింది, రాణి గారు నమిలారు. వెంకాయమ్మ పళ్లు లేని వైపు నుంచి పళ్లున్న వైపుకి మార్చుకుంటూ నమిలింది. నాలుక మొద్దుబారిపోయింది. కళ్లమ్మట నీళ్లు. ఏడుపు నీళ్లేవో, మంట నీళ్లేవో సత్యవేణికే తెలియలేదు.

రెండింటికి హిమజ తల పట్టుకుంది. "గీత దొరికింది. కానీ ఏ తల్లి ఎన్నింటికి పెట్టిందో, ఎంత పెట్టిందో తెలియాలి. రెండొందల మంది పిల్లలు. ఊహించి తీసేస్తే జబ్బున్న పిల్ల లేనట్టు కనబడుతుంది. ఎలా తెలుస్తుంది?"

సత్యవేణి ఫోను తీసింది. గ్రూపు తెరిచింది. వాయిస్ మెసేజ్ బొత్తాం నొక్కి పట్టుకుంది.

"అక్కలూ, చెల్లెళ్లూ, నేను సత్యవేణిని. వాము సంగతి చెప్పింది నేనే. మా చైత్రికకి బిగువు జ్వరం. గొట్టం వేశారు. వాము వల్లే పెట్టెకి తెలీలేదు. మీ పిల్లలక్కూడా ఉందేమో చూడాలంటే నిజం చెప్పాలి. ఈ మూడ్రోజులూ ఎవరెవరు పెట్టారు, ఎన్నింటికి పెట్టారు, ఎంత పెట్టారు. మేడమ్ గార్లకి నేను ఒప్పేసుకున్నాను. తిట్టుకుంటే నన్ను తిట్టుకోండి. కానీ ముందు టైము చెప్పండి."

పంపింది. నలుగురూ ఫోను చుట్టూ నిలబడ్డారు. ఒక నిమిషం. మూడు. ఏడు. ఎవరూ పలకలేదు. విన్నట్టు గుర్తులు మాత్రం పడుతున్నాయి.

"భయపడుతున్నారు. పేరు కొట్టేస్తామని," అన్నారు రాణి గారు. ఒక్క క్షణం ఆగి ఫోను తన చేతిలోకి తీసుకుని తనే మాట్లాడారు. "నేను హెడ్మాస్టర్ని. ఇవాళ నిజం చెప్పిన ఏ తల్లి మీదా తొమ్మిదో నియమం పెట్టను. నా ఉద్యోగం మీద ఒట్టు."

ఎనిమిదో నిమిషంలో మొదటి జవాబు. "నీ దుంపతెగ సత్యవేణీ, నువ్వే కదే చెప్పమాకండి అన్నావ్!" దాని వెనకే అదే గొంతు, ఈసారి వణుకుతూ. "ఏడూ యాభై. అర చెంచా. మూడ్రోజులూ."

తర్వాత వాన మొదలైనట్టు వచ్చేశాయి. ఎనిమిదింటికి, వేళ్లతో. ఎనిమిదీ పదికి, బెల్లంతో కలిపి. నిన్న పెట్టలేదు, ఇవాళ పెట్టా. మా అత్తగారు పెట్టారంట, నాకిప్పుడే తెలిసింది. సత్యవేణి పేర్లు చదువుతుంటే రాణి గారు రాశారు, హిమజ కంప్యూటరుకి ఎక్కించింది. యాభై ఎనిమిది మంది. సరోజినమ్మ పలకలేదు గానీ, ఆవిడ రోజూ వీధి మలుపులో అమూల్యకి పెట్టడం చూసిన సత్యవేణే ఆ టైము చెప్పింది.

మూడూ పదికి తెర మీద గీతలు ఒక్కొక్కటే వాము తొడుగు విప్పుకోవడం మొదలుపెట్టాయి. దాదాపు అన్నీ చదునుగా పడుకున్నాయి. చైత్రికది కాక నాలుగు మాత్రం పడగెత్తినట్టు లేచాయి.

ముగ్గురు పిల్లలు ఇళ్లలోనే ఉన్నారు. రాణి గారు ఫోన్లు చేశారు. పది నిమిషాల్లో ముగ్గుర్నీ ఎవరో ఒకరు బండ్ల మీద ఆసుపత్రికి ఎక్కించారు.

నాలుగో పేరు అమూల్య.

తల్లిదండ్రులు హైదరాబాదులో పని చేస్తారు. పిల్ల నాయనమ్మ దగ్గర ఉంటుంది. సరోజినమ్మ ఫోను ఎత్తడం లేదు. ఇంటి పక్కవాళ్లని అడిగితే తాళం వేసుందన్నారు.

"ఉండండుండండి," అంటూ వెంకాయమ్మ గేటు గదిలోకి పరిగెత్తింది. వచ్చేటప్పుడు చేతిలో పొడుగాటి రిజిస్టరు. అది నాలుగో నియమం. పిల్లని ఎవరు తీసుకెళ్తున్నారో, ఎక్కడికో రాసి సంతకం పెట్టందే గేటు దాటనివ్వరు. 'మా పిల్లని మేం తీసుకెళ్లడానికి ఇదేమన్నా పోలీస్ స్టేషనా' అని సత్యవేణే రెండుసార్లు దెబ్బలాడింది వెంకాయమ్మతో.

"ఇదిగో. సరోజినమ్మ. నరసాపురం, పెళ్లి, మూడింటి బస్సు. రాయనంటే వదల్లేదు నేను. రాయించాను."

సత్యవేణి వెంకాయమ్మ చెయ్యి తీసుకుని కళ్లకద్దుకుంది. వెంకాయమ్మ చెయ్యి లాగేసుకుంది. "తర్వాతే అవన్నీ. ఫోన్ కొట్టండి ముందు."

డిపోకి చేస్తే కండక్టరు నంబరు ఇచ్చారు. బస్సు వీరవాసరం దాటబోతోంది. ఆసుపత్రి అంబులెన్సు మందుతో బయల్దేరింది. కండక్టరు బస్సు రోడ్డు పక్కన ఆపించి, ఫోను తీసుకెళ్లి సరోజినమ్మ చెవి దగ్గర పెట్టాడు.

"దిగడమేంటమ్మాయ్? ఆరింటికి ముహూర్తం. నేను మేనత్తని. నేను లేకపోతే అక్కడ పని జరగదు."

"అత్తా, అమూల్య ఎలాగుంది?"

"ఒళ్లో పడుకుంది. బస్సెక్కిన కాణ్ణుంచి మొద్దు నిద్ర."

సత్యవేణి ఫోనులోకి అరిచింది. "లేపత్తా. లేపి మాట్లాడించు."

ఫోనులో బస్సు ఇంజను చప్పుడు. "అమ్మలూ, లెగు. అమ్మలూ." మళ్లీ అదే పిలుపు. తర్వాత ఆ ముసలి గొంతు మారిపోయింది. "సత్యవేణీ, పిల్ల ఊపిరి ఈల వేసినట్టొస్తోందే!"

"దిగు అత్తా. అంబులెన్సు వస్తోంది. కూర్చోబెట్టి పట్టుకో, పడుకోబెట్టకు. నేను లైన్లోనే ఉంటాను."

పదకొండు నిమిషాలు. సరోజినమ్మ దేవుళ్లందర్నీ పేరు పేరునా పిలిచింది. సత్యవేణి ప్రతి పేరుకీ ఊఁ కొట్టింది. చివరికి సైరను వినబడింది. కండక్టరు గొంతు చెప్పింది. "సూది వేశారండి. పాప ఏడుస్తోంది."

సైన్సు గదిలో నలుగురు ఆడవాళ్లు ఒకర్నొకరు పట్టుకుని నిలబడ్డారు. అందరి నోళ్లూ వాము వాసనే.

నాలుగూ పదిహేనుకి ఆసుపత్రి నుంచి నర్సు ఫోను. చైత్రిక కళ్లు తెరిచింది.

* * *

పిల్లలు అయిదుగురూ బతికారు. చైత్రిక పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది. వీర్రాజు లారీని దారిలో ఇంకో డ్రైవరుకి అప్పజెప్పి మూడు రైళ్లు మారి వచ్చాడు. జరిగిందంతా విన్నాడు. భార్య పక్కన కూర్చుని, "చెప్పేశావు కదా. అదే గొప్ప," అన్నాడు.

గొంతులో గొట్టం చేసిన గాయం మానింది గానీ చైత్రిక గొంతు మునుపటిలా రాలేదు. ఇసక మీద చాప ఈడ్చినట్టు గరగరలాడుతుంది. పెద్దయితే బాగుపడొచ్చు, పడకపోవచ్చు అన్నాడు డాక్టరు. ఆ గొంతుతోనే అది "అమ్మా, ఆకలి" అన్న మొదటి రోజున సత్యవేణికి అంతకన్నా కమ్మగా ఏదీ వినబడలేదు.

షెడ్డులో పేరు కొట్టేశారు. నెల తర్వాత ఇంకో షెడ్డులో చేరింది. అది దూరం, రెండు ఆటోలు మారాలి.

ఆ మధ్యలో బళ్లో తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. రాణి గారి ఒట్టు ఆ రోజు టైము చెప్పిన తల్లులకి. అందరికన్నా ముందు అబద్ధం చెప్పి, ఆ మాయ అందరికీ నేర్పిన మనిషి సంగతి ఏమిటని పైనుంచి కాగితం వచ్చింది. రాణి గారు ఆ కాగితం అందరి ముందూ చదివారు. సత్యవేణి వెనక వరసలో తల దించుకుని కూర్చుంది. సీటు పోతుందని సిద్ధపడే వచ్చింది. వీధి బడిలో దరఖాస్తు కూడా పెట్టింది.

ముందు వరసలోంచి సరోజినమ్మ లేచింది. ఆవిడ చెయ్యి పట్టుకుని అమూల్య.

"ఆ పిల్ల నోరు మూసుకుని ఉంటే నా మనవరాలు ఆ బస్సులోనే పోయేది. దాని పేరు కొట్టేస్తే మా అమూల్య పేరూ కొట్టేయండి. మేమూ పెట్టాం వాము."

"మేమూ పెట్టాం," అంది ఏడూ యాభై, అర చెంచా తల్లి. ఆ తర్వాత ఒక్కొక్కరే లేచారు. కుర్చీల చప్పుడుకి ఇంకేమీ వినబడలేదు కాసేపు.

హిమజ చివర్న నిలబడింది. ఆమెకి సభల్లో మాట్లాడటం అలవాటు లేదు. "నేనూ లేస్తున్నానండీ. ఏడో నియమం రాసింది నేను. పిల్లని మూడు రోజులు ఇంట్లో ఉంచండి అని రాశాను. ఇంట్లో ఎవరుంటారని అడగలేదు. వాసనలన్నీ లెక్కేశాను గానీ తల్లి ఎందుకు వాము పెడుతుందో ఆలోచించలేదు. ఎర్ర దీపం వెలిగిన పిల్లలకి ఇక్కడే గాలి వేరుగా వచ్చే గది కడదాం, నర్సుని పెడదాం అని పైకి రాశాను. ఒప్పుకున్నారు. సత్యవేణి గారు చెప్పి ఉండకపోతే నలభై బళ్లలోనూ పెట్టె మూలపడేది. నేను ఆవిడకి రుణపడి ఉన్నాను. ఆ మాటే పైకి కూడా రాశాను."

రాణి గారు కాగితం మడిచి సొరుగులో పెట్టేశారు. "తొమ్మిదో నియమం తీసేస్తున్నాం. దాని స్థానంలో ఏం రాయాలో, సత్యవేణీ, నువ్వు చెప్పు."

"నేనేంటండి, నాకేం వచ్చండి రాయడం?"

"చెప్పవే, అందరం వింటున్నాం," అని గదమాయించింది వెంకాయమ్మ గుమ్మం దగ్గర నుంచి.

సత్యవేణి లేచింది. అందరి మొహాలూ చూసింది. ఈ మొహాలన్నీ ఆరోజు ఫోనులో టైములు చెప్పిన గొంతులే. తిట్టొచ్చు. ఇవాళ ఎవరూ తిట్టలేదు. మొట్టమొదట ఆసుపత్రి నేల మీద తన పక్కన కూర్చున్న మనిషి తిట్టకుండా, ఎంత వాము అని అడిగింది. అక్కడి నుంచే అంతా నిలబడింది.

"పొద్దున్న పిల్లకి ఏం పెట్టారో, రాత్రి ఎలా పడుకుందో గేటు దగ్గర చెప్పండి," అంది మెల్లిగా. ఇంకా ఏదో మిగిలిందని ఆగింది. "మేం తిట్టం. అని కూడా రాయండి మేడమ్."

రాణి గారు రాశారు. తర్వాత ఆ వాక్యాన్ని పుస్తక భాషలోకి మార్చాలా అని హిమజని అడిగారు. వద్దంది హిమజ.

కొత్త పుస్తకాలు అచ్చయి వచ్చిన వారంలో, ఓ సోమవారం పొద్దున్న, గేటు దగ్గర వరసలో ఒకతను కొడుకు చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. ఫ్యాక్టరీ యూనిఫాం. వంతు వచ్చినా ముందుకి కదల్లేదు. వెనకున్నవాళ్లు కానివ్వమంటున్నారు. అతను వెంకాయమ్మ దగ్గరికి వంగి చిన్నగా అన్నాడు.

"తెల్లారగట్ల కొంచెం వేడిగా ఉన్నాడండి. సిరప్పేశాను. నాకు తొమ్మిదింటికి షిఫ్టు."

వెంకాయమ్మ పిల్లాడి నుదురు ముట్టి చూసింది. "ఊదరా నాన్నా, తర్వాత నాతో రా, ఆ గదిలో చల్లగా ఉంటది. మీరెళ్లండి బాబూ, టైమైపోతోంది. చెప్పారు, చాలా మంచి పని చేశారు."

అతను రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, ఎవరికో తనకే తెలియకుండా, చేతులు జోడించాడు.